మడత కూలి

చీరల కొట్టులో చీర చూపించడం ఒక ఎత్తు, చూపించిన చీరని మళ్లీ చీరలా చేయడం ఇంకో ఎత్తు. మొదటి పని చేసేవాళ్లని అందరూ చూస్తారు. రెండో పని చేసే మనిషి తెల్లపరుపుకి వెనకాల, బీరువాల నీడలో కూర్చుని ఉంటుంది. నూజివీడు పెద్ద బజార్లో సత్యనారాయణమూర్తి గారి కొట్టులో ఆ మనిషి వెంకాయమ్మ.

ఆవిడ మడత పెట్టడం చూసి తీరాలి. చీర చెంగు గడ్డం కింద నొక్కిపట్టేది. రెండు చేతులూ బారచాపి అంచుకి అంచు కలిపేది. ఒక్క విదుపు విదిపిందంటే ముడతలన్నీ ఎటు పోయేవో పోయేవి. పట్టుచీరైతే ఇంకా జాగ్రత్త. పాత మడత మీదే మళ్లీ మడత పడితే జరీ విరుగుతుందని వేలెడు పక్కకి జరిపి మడిచేది. ఇదంతా చేస్తూ కళ్లు మాత్రం కొనడానికొచ్చిన ఆడవాళ్ల మీద పెట్టేది. పరుపు మీద కూర్చుని చీరలు చూపించే సౌభాగ్యలక్ష్మి చెయ్యి వెనక్కి చాపితే చాలు, ఆ చేతిలో సరైన చీర పడేది. ఏ రంగు కావాలో, ఎంతలో కావాలో చెప్పాల్సిన పనే లేదు. అన్నేళ్లుగా అలా జరిగిపోతోంది కాబట్టి అందులో వింతేముందని సౌభాగ్యం ఎప్పుడూ అనుకోలేదు.

వైశాఖమాసం. ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. రసాలు దిగుతున్నాయి, బంగినపల్లి లారీలు బొంబాయి పోతున్నాయి, రైతుల చేతుల్లో డబ్బు ఆడుతోంది. మైలవరం నుంచీ, జి. కొండూరు నుంచీ బండ్లు కట్టుకుని, కార్లు మాట్లాడుకుని పెళ్లిబట్టలకి దిగుతున్నారు. వచ్చేవాళ్లు ఉత్తచేతులతో రారు, గడ్డి పరిచిన బుట్టలో నాలుగు రసాలు పెట్టుకుని వస్తారు. కొట్టంతా పట్టువాసనా, మామిడిపండు వాసనా కలిసి అదో రకంగా ఉంటుంది.

సరిగ్గా అలాంటి రోజుల్లో షావుకారు సత్యనారాయణమూర్తి గారు బెజవాడ వెళ్లొచ్చారు. వెళ్లొచ్చిన మనిషి ఊరుకున్నారా? ఆదివారం సాయంత్రం కొట్టు కట్టేసే ముందు ముగ్గుర్నీ పిలిచి కూర్చోబెట్టారు.

"బెజవాడ కొట్లన్నిట్లో ఇప్పుడు కమీషనే. మనం కూడా మారాలి. రేపట్నుంచి సగం జీతం, దాని మీద అమ్మినదాన్ని బట్టి కమీషన్. ఎవరి కష్టం వాళ్లకి. సౌభాగ్యం, నువ్వు మనసు పెడితే రెండు జీతాలు సంపాదిస్తావు."

ఇంకో గుమాస్తా చిన్నరాయప్ప మొహం చాటంత అయింది. కుర్రాడు కాదు, ముప్పై దాటినవాడే. మాటకారి. నడిచి వెళ్లేవాణ్ణి లోపలికి పిలిచి చీర అంటగట్టగలడు. సౌభాగ్యం గుండె కూడా ఒక్క క్షణం ఎగిరింది. ఎందుకెగరదు? మొగుడు వదిలేసి వెళ్లిన దగ్గర్నుంచి అన్నగారింట్లో ఉంటోంది. వదిన కాఫీపొడి డబ్బా మీద గీత పెట్టుకుని చూసుకుంటుంది. కోవెల వీధిలో జగదాంబ గారింట్లో ఒక గదీ, వంటకి చిన్న వసారా ఖాళీగా ఉన్నాయి. రెండు నెలల అడ్వాన్సు శుక్రవారం సాయంత్రంలోగా ఇమ్మంది ఆవిడ. "ఆ తర్వాత ఎవరొస్తే వాళ్లకి ఇచ్చేస్తానమ్మా, ఏమీ అనుకోకు" అని కూడా అంది. ఆ గది తాళంచెవి రెండు వారాలుగా సౌభాగ్యం కలలో కనిపిస్తోంది.

"మరి నాకో?" అని అడిగింది వెంకాయమ్మ.

షావుకారు కళ్లజోడు తుడుచుకున్నారు. "మడతకి కమీషన్ ఏముంటుంది వెంకాయమ్మా? నువ్వు చీర అమ్మవు కదా. అమ్మేవాళ్లకి పని చేస్తున్నావు కాబట్టి వాళ్లే వాళ్ల కమీషన్‌లోంచి నీకింత ఇస్తారు. ఏరా రాయప్పా, ఇవ్వవూ?"

"ఎందుకివ్వనండీ!" అన్నాడు చిన్నరాయప్ప. సౌభాగ్యం కూడా తలూపింది. అంతే, వెంకాయమ్మ రోజుకూలి అక్కడితో ఎగిరిపోయింది. కోప్పడినవాళ్లు లేరు, కాదన్నవాళ్లూ లేరు. అన్యాయం అంత మర్యాదగా జరిగితే దాన్ని అన్యాయమని పోల్చుకోవడానికి కూడా కాస్త టైము పడుతుంది. వెంకాయమ్మ లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుని, దుమ్ము పడకుండా పరుపు మీద దుప్పటి కప్పి ఇంటికి వెళ్లిపోయింది.

*

సోమవారం పొద్దున కొట్టు కొట్టులా లేదు. గుమ్మంలో నీడ పడితే చాలు, చిన్నరాయప్ప మెట్టు దిగి ఎదురెళ్తున్నాడు. "రండి బాబాయిగారూ, రండి పిన్నిగారూ" అని చేతిలో సంచి అందుకుంటున్నాడు. సంచి వాడి చేతికొస్తే మనుషులు వాడి వెనకే రావాలి కదా! మొదటి రోజు సౌభాగ్యం నోరు వెళ్లబెట్టి చూసింది. రెండో రోజుకి తనూ మెట్టు దిగింది.

ఆ కొట్టులో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్లికూతురి చీర ఖాయమయ్యాక ఆ ఇంటి పెద్ద ముత్తయిదువ తడిపసుపు తీసి చీర నాలుగు కొసలకీ పెడుతుంది. ఇత్తడి బరిణె ఒకటి అందుకోసమే పరుపు పక్కన ఉంటుంది. పసుపు పెట్టాక అది కొట్టు చీర కాదు, పెళ్లికూతురి చీర. మార్చమని వాళ్లడగరు, మార్చుకోమని కొట్టువాళ్లూ అనరు. అందుకే పసుపు పెట్టేలోగా ఎంతసేపైనా చూసుకోనిచ్చేవాళ్లు. ఒక్కోసారి కాఫీలు కూడా రెండోసారి వచ్చేవి.

కమీషన్ వచ్చాక ఆ బరిణె చిన్నరాయప్ప చేతికి వలలా దొరికింది. చీర నచ్చిందో లేదో తేలకముందే "మంచి ఘడియ మించిపోతోందమ్మా" అని బరిణె మూత తీసి పెద్దావిడ ముందు పెట్టేసేవాడు. పసుపు కళ్లెదుట పెట్టాక వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది? ఆవిడ వేలు ముంచేది. పెళ్లికూతురు ఇంకో చీర వంక చూస్తూనే ఉండేది.

సౌభాగ్యం అది చూసి "ఛీ" అనుకుంది. అనుకున్న మాట నిజమే. కానీ రోజు చివర వాడి అమ్మకం, తన అమ్మకం షావుకారు పైకి చదువుతుంటే ఆ "ఛీ" కాస్తా చప్పబడిపోయింది.

ఇక వెంకాయమ్మ. ఇదివరకటికి రెట్టింపు చీరలు కిందికి దిగుతున్నాయి. కొండలా పడుతున్నాయి. ఆవిడ చెయ్యి మాత్రం అదే పద్ధతిలో నడుస్తోంది. గడ్డం కింద చెంగు, ఒక్క విదుపు, పాత మడతకి వేలెడు పక్కగా కొత్త మడత. డబ్బొస్తుందో రాదో తెలియని పనిని కూడా అంత బాగా చేసే మనిషిని చూస్తే ముచ్చటేస్తుంది, కొంచెం భయమూ వేస్తుంది. సోమవారం చిన్నరాయప్ప వెళ్తూ వెళ్తూ చిల్లర నాణేలు కొన్ని ఆవిడ పక్కన పెట్టాడు. మంగళవారం మర్చిపోయాడు. సౌభాగ్యం వారం లెక్క తేలాక ఒకేసారి ఇద్దామనుకుంది. అడ్వాన్సు సరిపోయాక ఇద్దామని ఆ అనుకోవడానికి అసలు అర్థం. వెంకాయమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు.

*

బుధవారం పొద్దున్నే జి. కొండూరు నుంచి దశరథరామయ్య గారి కుటుంబం వచ్చింది. పెద్ద తోటల రైతు. ఆయనా, భార్యా, తల్లీ, పెళ్లికూతురు కల్యాణీ. సౌభాగ్యం ముందుగా మెట్టు దిగి పెద్దావిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. చిన్నరాయప్ప పళ్లు కొరుక్కున్నాడు.

ఈ ఒక్క పెళ్లి తన చేతిలో పడితే గది తనదే. ఆ సంగతి సౌభాగ్యానికి పరుపు మీద కూర్చునేలోపే తెలిసిపోయింది. చెయ్యి వెనక్కి చాపింది. వెంకాయమ్మ మామిడి చిగురు రంగు చీర అందించింది. సన్నజరీ, చిన్న అంచు. కల్యాణి దాని మీద చెయ్యి వేసి తీయలేదు. ఆ పిల్ల మాట్లాడే రకం కాదు. చెయ్యి అలా ఉంచి వాళ్లమ్మ మొహం చూసింది.

"బానే ఉంది గానీ..." అంది తల్లి.

సౌభాగ్యం ఆ "గానీ" పట్టేసుకుంది. చిగురు చీరని పక్కకి తోసి, తనే లేచి పై అరలోంచి మెరూన్ చీర దింపింది. జానెడు అంచు, బరువైన కొంగు, ధరలో దానికి రెండింతలు.

"తోటలున్న ఇంటి పిల్ల, పీటల మీద సాదాగా కనిపిస్తే మగపెళ్లివాళ్లు ఏమనుకుంటారండీ? ఇది చూడండి. ఇంకొక్కటే ఉంది. నిన్న ఉంగుటూరు వాళ్లు చూసి వెళ్లారు, ఇవాళ మళ్లీ వస్తామన్నారు."

ఉంగుటూరు వాళ్లెవరూ రాలేదు. ఆ అబద్ధం ఎంత సుళువుగా వచ్చిందంటే, అన్నాక తనకే ఒక్క క్షణం ఎలాగో అయింది. దశరథరామయ్య గారు "అయితే అదే ఇవ్వండి" అన్నారు. కల్యాణి తల దించుకుంది. సౌభాగ్యం బరిణె అందుకుని మూత తీసి పెద్దావిడ ముందు పెట్టింది. ముసలావిడ వేలు పసుపులో ముంచి చీర కొస వైపు చాపింది.

అప్పుడు వెనకనుంచి వెంకాయమ్మ ఆ చీర మీద చెయ్యి వేసి మెల్లిగా తన వైపు లాక్కుంది.

"ఆగండమ్మా. విప్పి చూడకుండా పసుపు పెడతారా?"

అన్నేళ్లలో ఎప్పుడూ కొనేవాళ్ల ముందు నిలబడని మనిషి లేచి నిలబడింది. మెరూన్ చీర బారెడు విప్పి కల్యాణి భుజం మీద వేసింది. అద్దం ముందుకి నడిపించింది. తర్వాత అది తీసి చిగురు చీర వేసింది. అద్దంలో మొదటి చీరప్పుడు ఆ పిల్ల చీరని చూసుకుంది. రెండో చీరప్పుడు తనని తాను చూసుకుని ఫక్కున నవ్వింది.

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ! నచ్చితే నచ్చిందని నోరు తెరిచి చెప్పొద్దటే?" అంది ముసలావిడ. ఆ పసుపు వేలితోనే చిగురు చీరకి నాలుగు కొసలా పెట్టేసింది.

వాళ్లు సంతోషంగా వెళ్లారు. మెట్టు దిగుతూ కల్యాణి వెనక్కి తిరిగి వెంకాయమ్మ వైపే చూసింది. సౌభాగ్యానికి మాత్రం ఒళ్లు మండిపోయింది. నోటి దగ్గర ముద్ద లాగేసినట్టయింది.

గల్లాపెట్టె దగ్గర్నుంచి షావుకారు అంతా చూశారు. "వెంకాయమ్మా, ఎక్కువ రేటు చీర పక్కన పెట్టించి తక్కువ రేటుది అంటగట్టావు. మడతపెట్టేదానివి మడత పెట్టుకోవాలి గానీ బేరాల్లోకి రావడమేంటి? రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. ఎవరి చీరలు వాళ్లే మడత పెట్టుకుంటారు" అన్నారు.

వెంకాయమ్మ సౌభాగ్యం వైపు చూసింది. బతిమాలే చూపు కాదు, ఊరికే చూసింది. సౌభాగ్యం మొహం తిప్పుకుని లేని ముడత ఒకటి పరుపు మీద సవరించింది. వెంకాయమ్మ ఒళ్లో ఉన్న చీర మడత పూర్తి చేసి, బీరువాలో పెట్టి, తలుపు వేసి వెళ్లిపోయింది.

*

గురువారం సౌభాగ్యం చెయ్యి వెనక్కి చాపింది. చేతిలో ఏమీ పడలేదు.

ఒకసారి కాదు, పొద్దుటి నుంచీ అదే తంతు. చెయ్యి దానంతటది వెనక్కి పోతోంది, ఉత్తదే తిరిగి వస్తోంది. తను లేచి వెతికి తెచ్చేలోపు కొనేవాళ్లు పక్క చూపులు చూస్తున్నారు. ఇన్నాళ్లూ చీరలు అమ్మింది తనొక్కతే అనుకుంది కదూ! వెనక చీరల కొండ పెరుగుతోంది. చిన్నరాయప్ప ఒక పట్టుచీర మడత పెట్టబోయి దుప్పటిలా చుట్టి, నాలుక కరుచుకుని మళ్లీ విప్పాడు. "ఆవిడ దీన్ని ఎలా చేసేదండీ బాబూ?" అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు.

మధ్యాహ్నం కొట్టు కట్టగానే సౌభాగ్యం అన్నానికి ఇంటికి వెళ్లలేదు. అప్పటిదాకా అయిన కమీషన్‌లో కొంత అడిగి తీసుకుని తిన్నగా వెంకాయమ్మ ఇంటికి వెళ్లింది. వెంకాయమ్మ అరుగు మీద కూర్చుని ఆవకాయకి కాయ తుడుస్తోంది. గుడ్డతో ఒక్కో కాయా చుట్టూ తుడిచి, తొడిమ దగ్గర జిగురు గీకి పక్కన పెడుతోంది.

"రా అమ్మాయ్. ఎండనపడి వచ్చావేంటి?" అని చెంబుతో మంచినీళ్లిచ్చింది.

సౌభాగ్యం నీళ్లు తాగి, చేతిలో నోట్లు అరుగు మీద పెట్టింది. "పిన్నీ, ఇది మీ వాటా. నిన్న నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నాది తప్పు."

వెంకాయమ్మ ఆ నోట్ల వంక చూసింది గానీ ముట్టుకోలేదు.

"తీసుకెళ్లు. నీ మీద కోపంతో అనడం లేదు. రాయప్ప ఇచ్చిన చిల్లర కూడా ఆ రోజే గుమ్మం దగ్గర ముష్టివాడికి వేసేశాను."

"ఎందుకు పిన్నీ? మీ కష్టమే కదా?"

"నా కష్టమైతే షావుకారివ్వాలి. నువ్విస్తే అది నీ దయ. ఇవాళ నీకు ఇవ్వాలనిపించింది, రేపు అనిపించకపోవచ్చు. అప్పుడు నేను నీ మొహం వంక చూస్తూ మడత పెట్టాలి. అది నావల్ల కాదమ్మాయ్." ఇంకో కాయ అందుకుంది. "ఎవరు కొన్నా, కొనకపోయినా నేను పెట్టే మడత ఒకటే. దానికి కూలి కావాలి నాకు. వాటాలొద్దు."

సౌభాగ్యానికి సిగ్గేసింది. సిగ్గుతో పాటు, ఇంత తలెత్తుకుని మాట్లాడే మనిషిని ఇన్నేళ్లు వీపు వెనక కూర్చోబెట్టుకున్నానా అని ఆశ్చర్యమేసింది. కాసేపు తనూ గుడ్డ తీసుకుని నాలుగు కాయలు తుడిచి, లేచి వచ్చేసింది.

*

శుక్రవారం. మైలవరం నుంచి హనుమయ్య గారి కుటుంబం రెండు కార్లలో దిగింది. చూసి, బేరమాడి, పెళ్లిచీరా మధుపర్కాలూ అన్నీ ఖాయం చేసుకున్నారు. ఈసారి ఎవరూ ఎవర్నీ తొందరపెట్టలేదు. పిల్లకి నచ్చిందే తీశారు. ఎక్కువ రేటుదే తీశారు. ఈ కమీషన్ కలిస్తే సాయంత్రానికి అడ్వాన్సు నిండుతుంది.

"పదిన్నరకి రాహుకాలం వచ్చేస్తుంది, పసుపు పెట్టేద్దాం" అన్నారు హనుమయ్య గారి తల్లి.

సౌభాగ్యం బరిణె తీసుకుంది. తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. మూత మీద చెయ్యి పెట్టి కూర్చుంది. ఆ క్షణం దాకా తనేం చేయబోతోందో తనకీ తెలియదు.

"మామ్మగారూ, క్షమించాలి. మా వెంకాయమ్మ గారు రావాలి. ఆవిడొచ్చి కూర్చున్నాక తీస్తాను."

"ఎవరు తల్లీ ఆవిడ?"

"మీరు చూసే చీరలన్నీ మడత పెట్టే ఆవిడ. ఆవిడ కూలి తీసేసి, ఆ పైన మనిషినీ తీసేశారు."

షావుకారు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచారు. మొహం కందగడ్డయింది. అరుద్దామంటే ఎదురుగా పెళ్లివారు. బరిణె లాక్కుందామంటే అది పసుపు. పెళ్లిచీర పక్కన పసుపు కోసం పెనుగులాడారంటే ఆ పెళ్లివారు ఇంకీ జన్మలో ఆ మెట్టెక్కరు, ఊళ్లో ఇంకొకర్ని ఎక్కనివ్వరు. గోడగడియారం చూశారు.

"రాయప్పా, ఎదురుకొట్టుకెళ్లి పసుపు పొట్లం పట్రా" అన్నారు పళ్ల మధ్యనించి.

చిన్నరాయప్ప లేవలేదు. ముందున్న చీర ఒకటి ఒళ్లోకి లాక్కున్నాడు. చెంగు గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు చాపి వంకరటింకర మడత మొదలెట్టాడు.

"మడతలున్నాయండీ షావుకారు గారూ. ఎవరివి వాళ్లే పెట్టుకోమన్నారుగా" అన్నాడు అమాయకంగా.

సౌభాగ్యం వాడి వంక చూసింది. కమీషన్ వల్ల అందరికంటే బాగుపడేవాడు వాడే. చెంగు గడ్డం కింద ఉండగానే వాడు కన్ను గీటాడు.

హనుమయ్య గారి తల్లి పకపకా నవ్వింది. "ఏమయ్యా మూర్తీ, మా పిల్ల చీర దగ్గర ఎవరి ఉసురూ ఉండకూడదు. ఆ మనిషిని పిలిపించు. కారు పంపించరా హనుమయ్యా!"

వెంకాయమ్మ కారులో వచ్చింది. వచ్చి మెట్టు దగ్గరే నిలబడింది.

"లోపలికి రా వెంకాయమ్మా" అన్నారు షావుకారు.

"వస్తాను. కూలి ఎవరిస్తారండీ?"

షావుకారు ఒకసారి పెళ్లివారినీ, ఒకసారి గడియారాన్నీ చూశారు.

"నేనే ఇస్తాను. మునపటి లాగానే. సరేనా?"

"సరేనండీ" అని వెంకాయమ్మ కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి తన చోట కూర్చుంది. కూర్చుంటూనే చిన్నరాయప్ప ఒళ్లోంచి ఆ చీర లాక్కుని "నీ మడత తగలెయ్య" అంది. అప్పుడు సౌభాగ్యం బరిణె మూత తీసింది.

పెళ్లివారు వెళ్లాక షావుకారు అరవలేదు. అరవనందుకే సౌభాగ్యానికి భయమేసింది. ఆయన పద్దు తీసి నిన్నటిదాకా అయిన కమీషన్ లెక్కగట్టి, మిగతా డబ్బు చేతిలో పెట్టారు. ఆ మాత్రం నిజాయితీ ఉన్న మనిషే.

"ఇవాళ్టి నుంచి నీకు కమీషన్ లేదు. నెలకింతని పాత జీతమే. రాయప్పకి ఉంటుంది, నీకు లేదు. కొనేవాళ్ల ముందు నా పరువు తీసినందుకు" అన్నారు.

"అలాగేనండీ" అంది సౌభాగ్యం. అని వెనక్కి తిరిగేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. గది పోయింది. వెంకాయమ్మ చూడకుండా కొంగుతో తుడుచుకుంది గానీ ఆవిడ చూడనిది ఏముంది?

*

సాయంత్రం జగదాంబ గారింటికి వెళ్లింది. చెప్పకుండా మానేస్తే ఆవిడ కాచుకుని కూర్చుంటుంది, అది మర్యాద కాదు. జగదాంబ గారు వరండాలో ఒత్తులు చేసుకుంటున్నారు. వాళ్లాయన మేష్టారు పోయాక ఆవిడకి ఆ గది అద్దే ఆధారం.

"అడ్వాన్సు తెచ్చావా?"

"సగమే ఉందండీ. ఇంకెవరికైనా ఇచ్చేయండి. నేను ఆశపడ్డ కమీషన్ రాలేదు. ఇకముందు కూడా రాదు."

"అదేంటి? మీ షావుకారు అందర్నీ కమీషన్లో పెట్టాడని బజారంతా చెప్పుకుంటున్నారుగా?"

"నన్ను అందులోంచి తీసేశారండీ. పాత జీతమే ఇస్తానన్నారు."

జగదాంబ గారు ఒత్తి పక్కన పెట్టారు. "పూర్తి జీతమా? నెల నెలా?"

"నెల నెలా. ఎక్కువేం కాదు."

"ఎక్కువ తక్కువలు అడిగానా నేను? పిచ్చిదానా, నువ్వు కమీషన్లో పడ్డావని తెలిసిన దగ్గర్నుంచి నీకీ గది ఎలా ఇవ్వనని చెప్పాలో తెలియక తల పట్టుకు కూర్చున్నాను. వచ్చే జ్యేష్ఠం పోతే ఆషాఢం. పెళ్లిళ్లుండవు, తోటల్లో కాయ ఉండదు, మీ కొట్టు గుమ్మం తొక్కేవాడుండడు. అప్పుడు నీ దగ్గరికొచ్చి అద్దె ఇమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను? నువ్వేమో సగం జీతంతో నా కళ్లెదురుగా పస్తులుంటావు. అది చూస్తూ నేను తినగలనా?"

ఆషాఢం! పుట్టినప్పట్నుంచీ ఏటా వచ్చే ఆషాఢం ఈ వారంలో ఒక్కసారి కూడా సౌభాగ్యానికి గుర్తు రాలేదు.

జగదాంబ గారు లేచి గోడకున్న మేకు నుంచి తాళంచెవి తీశారు.

"ఆ సగం ఇప్పుడివ్వు. మిగతా సగం ఒకటో తారీకున ఇద్దువు గాని. ఒకటో తారీకున చేతికొస్తుందా మరి, నిజం చెప్పు?"

"వస్తుందండీ" అంది సౌభాగ్యం. మళ్లీ గట్టిగా, తనకి తను చెప్పుకుంటున్నట్టు అంది: "ఎవరు కొన్నా, కొనకపోయినా వస్తుంది."